పాడైనా ఎవరూ తిట్టని ల్యాబ్ కావాలి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. ఏం రాయాలి అని అడిగితే, "నెట్‌వర్కింగ్ కోర్సు గురించి రాయన్నా, ఏ ఇన్‌స్టిట్యూట్ మంచిదో కూడా రాయి" అన్నారు. మన హాస్టల్ నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ ప్రశ్న కోసమే. సీసీఎన్‌ఏ చేస్తే ఉద్యోగం వస్తుందా, ఫీజు ఎంత, ఎన్ని నెలలు. ఇన్‌స్టిట్యూట్ పేరు నేను చెప్పను. దానికి బదులు, ఫీజు కట్టకముందు మీ చేతికి ఒక ల్యాబ్ ఉండాలని, అది పాతదై, చవకదై ఉండటమే మేలని చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పాతదే ఎందుకు మేలో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మేం హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో బడికి కంప్యూటర్లు వచ్చాయి. గదికి కొత్త సున్నం వేశారు. కంప్యూటర్ల మీద తెల్లగుడ్డలు కప్పారు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని, వరుసగా వెళ్లి చూసి వచ్చేవాళ్లం. పది పాసయ్యేలోగా నేను మౌస్ పట్టుకున్నది రెండేసార్లు. ఎవరైనా మీట నొక్కబోతే వినిపించే మాట ఒక్కటే: "పాడైతే ఎవడు కడతాడ్రా?" ఆ మాట అన్నవాళ్లను నేనిప్పుడు తప్పుపట్టడం లేదు, వాళ్లకూ పైనుంచి భయం ఉంది. కానీ ఆ మాట మన వేళ్లలో ఉండిపోయింది. ఇంట్లో టీవీ ఉన్న పిల్లవాడు రిమోట్ విప్పి చూస్తాడు, సైకిల్ ఉన్నవాడు చైన్ ఊడదీస్తాడు. మనకు ట్రంకుపెట్టె తప్ప సొంత వస్తువు లేదు. అది పాడైతే మళ్లీ కొనేవాళ్లూ లేరు. ముట్టుకోకుండా జాగ్రత్తగా ఉండటం మనకు చిన్నప్పుడే వచ్చేసింది. మిగతా ఏ చదువుకైనా ఈ గుణం పనికొస్తుందేమో గానీ నెట్‌వర్కింగ్‌కు మాత్రం పనికిరాదు.

డిగ్రీ అయ్యాక 2010లో అమీర్‌పేట వెళ్లాను. మా నాయన బర్రెను అమ్మి డబ్బులిచ్చాడు. ఒక సంస్థలో చేరాను. పేరెందుకు, అలాంటివి అప్పుడు గల్లీకి పది ఉండేవి. హాలులో అద్దాల బీరువాలో రౌటర్లు, స్విచ్‌లు వరుసగా పేర్చి, లైట్లు మినుకుమినుకుమంటూ ఉండేవి. ముప్పై మందికి ఆ ఒక్క ర్యాకే. సారు టైప్ చేసేవారు, మేం తెర మీద చూసి నోట్సు రాసుకునేవాళ్లం. మూడు నెలల్లో నేను స్వయంగా కమాండ్లు కొట్టింది ఓ నాలుగు గంటలు ఉంటుందేమో. చివరి వారంలో డంపులు ఇచ్చారు. అంటే పరీక్షలో వచ్చే ప్రశ్నలూ జవాబులూ. మన హాస్టల్ పిల్లలకు బట్టీ పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు కదా! వెయ్యికి తొమ్మిది వందల పైచిలుకు వచ్చింది. మా ఊళ్లో పెట్టెడు లడ్డూలు పంచారు.

మొదటి ఇంటర్వ్యూలో ఆ పెద్దమనిషి నన్ను ప్రోటోకాల్స్ ఏమీ అడగలేదు. సొరుగులోంచి లేత నీలంరంగు బల్లపరుపు వైరు ఒకటి తీసి బల్ల మీద పెట్టి, "ఇదేమిటి బాబూ?" అన్నాడు. టెలిఫోన్ వైరు అనుకున్నాను, అదే చెప్పాను. ఆయన నవ్వలేదు, అది ఇంకా బాధ అనిపించింది. అది కన్సోల్ కేబుల్. రౌటర్‌తోగానీ స్విచ్‌తోగానీ మొదటిసారి మాట్లాడాలంటే దాంతోనే మాట్లాడాలి. చేతిలో సర్టిఫికెట్ ఉన్నవాడు దాన్ని గుర్తుపట్టలేదంటే ఆ సర్టిఫికెట్ ఎలా వచ్చిందో ఆయనకు అర్థమైపోయింది. బర్రె పోయింది, నాకు వచ్చింది మాత్రం ఆఫీసుల్లో సీలింగ్ పైకెక్కి కేబుళ్లు లాగే పని. రెండేళ్లు అదే చేశాను. తమ్ముళ్లూ, డంపులతో రాయడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. బయటపడితే సర్టిఫికెట్ రద్దు చేసే హక్కు సిస్కోకు ఉంది. అది వేరే సంగతి. బయటపడకపోయినా నా గతి ఇదీ.

2012లో, కేబుళ్లు లాగిన డబ్బులోంచి మిగుల్చుకుని, సికింద్రాబాద్‌లో సీటీసీకి, అదే చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. పాత 2950 స్విచ్‌లు రెండు, 2600 రౌటర్ ఒకటి కొన్నాను. మూడూ కలిపి అయిదున్నర వేలు. నీలంరంగు కేబుల్ నూట యాభై. నా పాత ల్యాప్‌టాప్‌కు సీరియల్ పోర్టు లేదు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టర్ ఇంకో మూడు వందలు. గదికి తెచ్చి రౌటర్ ఆన్ చేస్తే తెర మీద అక్షరాలు కావు, పిచ్చి గీతలు వచ్చాయి. గుండె గుభేలుమంది. పాడైన సరుకు అంటగట్టాడనుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, పాత యజమాని కన్సోల్ వేగం మార్చి పెట్టుకున్నాడు. మామూలుగా అది 9600 ఉంటుంది. వేగాలు ఒక్కొక్కటే మార్చి చూస్తే అక్షరాలు కుదురుకున్నాయి. అంతలో పాస్‌వర్డ్ అడిగింది. అదీ పాత యజమానిదే! ఆన్ చేయగానే బ్రేక్ మీట నొక్కి, రిజిస్టర్ విలువను 2142గా మార్చి, పాత కాన్ఫిగరేషన్ చదవకుండా లేపడం నేర్చుకునేసరికి తెల్లారింది. పక్కగదివాళ్లు ఫ్యాన్ మోతకు రాత్రంతా తిట్టుకున్నారు.

స్విచ్‌ల సంగతి ఇంకా బాగుంటుంది. రెంటినీ కేబుల్‌తో కలిపితే లైటే వెలగలేదు. వృత్తిరీత్యా కేబుళ్లు కొట్టేవాణ్ణి, నా కేబుల్ తప్పయ్యే అవకాశం లేదు. అయినా మూడు మార్చి చూశాను. 2950కి ఆటో ఎండీఐఎక్స్ లేదని, స్విచ్‌కు స్విచ్ కలపాలంటే క్రాస్ కేబుల్ కావాలని, అంటే ఒక కొసలో 1, 2 పిన్నుల జతను 3, 6 పిన్నుల జతతో తారుమారు చేయాలని పుస్తకంలో చదివే ఉన్నాను. డంపుల్లో ఆ ప్రశ్నకు సరైన జవాబు కూడా పెట్టాను. కానీ వెలగని లైటు ముందు కూర్చున్నప్పుడు ఆ జవాబు గుర్తుకు రాలేదు. క్రాస్ కేబుల్ కొట్టాక లైటు నారింజ రంగులో వెలిగి, అర నిమిషం ఆగి పచ్చబడింది. ఆ అర నిమిషంలో స్విచ్ 15 సెకన్లు విని, 15 సెకన్లు నేర్చుకుని, అప్పుడు దారి తెరుస్తుంది.

రెండో కేబుల్ కూడా కలిపాను. ఒక లైటు నారింజలోనే ఉండిపోయింది. ఎంతకీ పచ్చబడదు. పోర్టు పోయిందనుకున్నాను. పోలేదు. రెండు దారులుంటే డేటా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి స్విచ్ తెలిసే ఒక దారి మూసింది. ఇది స్పానింగ్ ట్రీ. రేడియా పెర్ల్‌మన్ అనే ఆమె 1985లో డెక్ కంపెనీలో ఉండగా కనిపెట్టింది. (చెల్లెళ్లూ, ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ప్రపంచంలోని ఆఫీసు స్విచ్‌లు దశాబ్దాలుగా ఈ పద్ధతితో కూలిపోకుండా ఉంటున్నాయి.) అప్పుడు నాకు దుర్బుద్ధి పుట్టింది. స్పానింగ్ ట్రీని ఆపేసే కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కాను. రెండు స్విచ్‌ల మీదా లైట్లు పిచ్చెత్తినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ల్యాప్‌టాప్ నుంచి పింగ్ లేదు, టెల్‌నెట్ లేదు, అంతా గడ్డకట్టింది. బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అనే మాట నోట్సులో ఎన్నోసార్లు రాసుకున్నాను. దాన్ని చూడటం అప్పుడే. కేబుల్ పీకాను, అంతా సర్దుకుంది. నా జీవితంలో ఒక ఖరీదైన యంత్రాన్ని కావాలని పాడుచేసి, ఎవరూ తిట్టకుండా, మళ్లీ నేనే బాగుచేసింది ఆ రోజే. ఆ యంత్రం ఖరీదు పదహారు వందలు, అంతే తేడా.

అందుకే నేను పాతది, చవకది మేలంటున్నాను. లక్ష రూపాయల స్విచ్ ముందు కూర్చోబెడితే మన పిల్లవాడు మళ్లీ చేతులు కట్టుకుంటాడు.

మూడేళ్ల గడువు తీరి నా మొదటి సర్టిఫికెట్ పోయింది. 2013లో మళ్లీ రాశాను, మార్కులు మొదటిసారి కంటే తక్కువ వచ్చాయి. ఇంటర్వ్యూలో మాత్రం ఈసారి స్విచ్‌ల గురించి నేనే ఎక్కువ మాట్లాడాను.

అయితే నేను కొన్నవే మీరూ కొనకండి. ఇది ముఖ్యం. పాత సామాను అమ్మేవాళ్లు ఇప్పటికీ "సీసీఎన్‌ఏ కిట్" అని 2600 రౌటర్లు, సీరియల్ కార్డులు, లావుపాటి సీరియల్ కేబుళ్లు కలిపి అమ్ముతుంటారు. ఫ్రేమ్ రిలే పరీక్షలోంచి పోయి చాలా కాలమైంది. 2020 ఫిబ్రవరి 24న మొదలైన 200-301 పరీక్షలో సీరియల్ లైన్ల మీద పీపీపీ లేదు, ఈఐజీఆర్‌పీ కాన్ఫిగరేషన్ కూడా లేదు. వాటి బదులు వైర్‌లెస్, ఆటోమేషన్, జేసన్ వంటివి వచ్చాయి. అందులో రౌటింగ్ భాగం 25 శాతం, ఆటోమేషన్ 10 శాతం. 2024 ఆగస్టులో ఇంకొన్ని చేర్పులు వచ్చాయి. పైసా ఖర్చుపెట్టే ముందు సిస్కో వెబ్‌సైట్‌లో పరీక్షాంశాల జాబితా తెరిచి, మీరు కొనబోయే వస్తువు దానిలో ఏ వరుసకు పనికొస్తుందో వేలుపెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే కొనొద్దు.

నిజానికి పనిలో పదింట తొమ్మిది వంతులు ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే అయిపోతుంది. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. మామూలు కంప్యూటర్లో కూడా నడుస్తుంది. వీలాన్‌లు, ట్రంకులు, ఓఎస్‌పీఎఫ్, ఏసీఎల్, నాట్, డీహెచ్‌సీపీ, అన్నీ దానిలో చేయొచ్చు. అది అసలు పరికరం కాదు, అనుకరణ. కొన్ని కమాండ్లు దానిలో పనిచేయవు. పనిచేయకపోతే తప్పు మీదే అనుకుని బెంగపడకండి. తర్వాతి మెట్టు జీఎన్ఎస్3. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ దానిలో వేసే సిస్కో ఐఓఎస్ ఫైళ్లు ఉచితం కావు, ఎక్కడపడితే అక్కడ దించుకోవడం దొంగతనం కిందికే వస్తుంది. దానికి రెండు దారులున్నాయి. సిస్కోవాళ్లే మోడలింగ్ ల్యాబ్స్‌లో అయిదు పరికరాల వరకు ఉచితంగా నడుపుకునే రకం ఇస్తున్నారు. రెండోది నాకు ఇంకా ఇష్టమైనది: లైనక్స్‌లో ఎఫ్ఆర్‌రౌటింగ్. ఇది ఎవరి అనుమతీ అక్కర్లేని సాఫ్ట్‌వేర్, కమాండ్లు సిస్కో కమాండ్లలాగే ఉంటాయి. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు వాడితే నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ముసలి కంప్యూటర్లో కూడా నాలుగు రౌటర్లు లేపి ఓఎస్‌పీఎఫ్ పొరుగుబంధం కలవడం, తెగడం చూడొచ్చు.

సబ్‌నెట్టింగ్‌కు అసలు కంప్యూటరే అక్కర్లేదు. సుద్దముక్క చాలు. 192.168.10.0 తో మొదలయ్యే 256 చిరునామాలను మన హాస్టల్ నాలుగు బ్లాకులకు సమంగా పంచండి. బ్లాకుకు 64 వస్తాయి, మొదటిదీ చివరిదీ తీసేస్తే 62 మందికి. మాస్క్ 255.255.255.192. ఆ తర్వాత ఒక బ్లాకులో వందమంది ఉన్నారని మార్చి మళ్లీ పంచండి. రోజూ స్టడీ అవర్‌లో పది నిమిషాలు ఇలా చేసినవాడికి పరీక్షలో ఆ ప్రశ్నలకు కాగితం కూడా అక్కర్లేదు.

ఇక మిగిలిన ఆ ఒక్క వంతు కోసం ఇనుము కావాలి. సాఫ్ట్‌వేర్‌తోనే అంతా అయిపోతుంది, ఈ రోజుల్లో పాత స్విచ్ కొనడం దండగ అనే మిత్రులు నాకు ఉన్నారు. వాళ్లు చెప్పేది పరీక్ష వరకు నిజమే. కానీ వాళ్లంతా ఇంట్లో కంప్యూటర్ ఉండి పెరిగినవాళ్లు. మన పిల్లలకు కావాల్సింది పరీక్ష పాసవడం ఒక్కటే కాదు, వేళ్లలో ఉన్న ఆ పాత మాట పోవాలి. తెర మీద గీసిన కేబుల్ ఎప్పుడూ వదులుగా ఉండదు, దాని క్లిప్పు విరగదు. నారింజ లైటు ముందు కూర్చుని మూడు కేబుళ్లు మార్చే అవసరం ప్యాకెట్ ట్రేసర్‌లో రాదు. అందుకని 2960 స్విచ్‌లు రెండు. 2950 వద్దు, దాని ఐఓఎస్ 12.1 దగ్గరే ఆగిపోయింది. 2960లో ఎనిమిది పోర్టుల చిన్న రకం దొరికితే ఇంకా మంచిది, దానికి ఫ్యాన్ లేదు, పక్కవాడి నిద్ర చెడదు. కొనేచోటే కరెంటు పెట్టించి, లైట్లు వెలిగాయో లేదో, కన్సోల్‌లో అక్షరాలు వస్తున్నాయో లేదో చూశాకే డబ్బులివ్వండి. కన్సోల్ కేబుల్, కన్వర్టర్, క్రింపింగ్ టూల్, ఆర్‌జే-45 కనెక్టర్ల డబ్బా ఒకటి. రౌటర్లు సాఫ్ట్‌వేర్‌లో చాలు. పాత 2811 లాంటివాటి చప్పుడుకు, కరెంటుకు హాస్టల్లో మనం తట్టుకోలేం.

రెండు జాగ్రత్తలు. మన గదుల్లో చాలా ప్లగ్గులకు ఎర్త్ ఉండదు. మూడో పిన్నుకు ఏమీ కలపకుండా వదిలేస్తే స్విచ్ పెట్టె ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది. ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించుకోండి. స్విచ్ మూత విప్పి పవర్ సప్లైలో మాత్రం వేలు పెట్టొద్దు. పాడుచేసుకునే హక్కు కాన్ఫిగరేషన్ వరకే! రెండోది, ల్యాబ్ వైరును ఆఫీసు ఇంటర్నెట్‌కు కలపొద్దు. ఒకసారి నేను డీహెచ్‌సీపీ నేర్చుకుంటూ నా స్విచ్‌ను ఇంటి ఓనర్ ఇంటర్నెట్ డబ్బాకు కలిపాను. నా రౌటర్ ఆయన ఫోన్లన్నింటికీ పనికిరాని చిరునామాలు పంచిపెట్టింది. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజది. ఆ నెలాఖరుకు గది మారాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. ఇదంతా ఒక్కొక్కరు కొనుక్కోవాల్సిన పని కాదు. సీసీఎన్‌ఏ పరీక్ష ఫీజు 300 డాలర్లు, పన్నుతో కలిపితే ముప్పై వేలకు అటూ ఇటూ. నేను ఈ మధ్య సీటీసీలో విచారించాను. ఆఫీసులు తీసేసిన ఐ5 డెస్క్‌టాప్ ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీతో, పైన చెప్పిన స్విచ్‌లు, సామాను, అంతా కలిపి పాతిక వేల లోపే వస్తాయి. అంటే ఒక్కడు ఒక్కసారి పరీక్ష తప్పితే పోయే డబ్బుతో హాస్టల్ మొత్తానికి ల్యాబ్ వస్తుంది. పూర్వ విద్యార్థులం మనం ఏటా వార్షికోత్సవానికి శాలువాలు, మెమెంటోలు, మన ఫోటోలతో నిలువెత్తు ఫ్లెక్సీలు పెడుతున్నాం. కిందటేడు నా ఫోటో కూడా ఒకదాని మీద ఉంది, చూసి సంతోషించినమాట నిజమే. ఒక్క ఏడాది ఆ ఫ్లెక్సీల డబ్బు పక్కన పెడితే సగం ఖర్చు వెళ్లిపోతుంది. బాలికల హాస్టల్‌కు కూడా ఇలాంటిదే విడిగా పెట్టాలి. "వాళ్లు ఇక్కడికి వచ్చి చేసుకుంటారులే" అంటే వాళ్లు ఎప్పటికీ రారని మనకు తెలుసు.

వార్డెన్ గారికి నా మనవి ఒకటి. ల్యాబ్ పెట్టాక దయచేసి దాని మీద గుడ్డ కప్పించకండి. తాళం ఒకటి మీ దగ్గర, ఇంకొకటి పిల్లల దగ్గర ఉండనివ్వండి. ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎవరు ఏం పాడుచేశారు, ఎలా బాగైంది, అదే చేతిరాతతో రాయాలి. పాడుచేసినవాడి మీద జరిమానా లేదు, రాయనివాడి మీద ఉండాలి. నేను పనిచేసే చోట మేం కూడా ఇదే చేస్తాం. రాత్రి రెండు గంటలకు ఏదైనా కూలితే ముందు తెరిచేది పాత పొరపాట్ల పట్టికే.

సీసీఎన్‌ఏ ఉంటే ఉద్యోగం ఖాయమని మాత్రం నేను చెప్పను, చెప్పినవాళ్లను నమ్మకండి. మొదట దొరికేది రాత్రి షిఫ్టు, తెరలు కాపలా కాసే పని, లేదా నాలాగా సీలింగెక్కే పని. ఆ పనిలో ఉన్నవాడికి ముందుకు పోవడానికి ల్యాబ్ పనికొస్తుంది. మీ నోట్‌బుక్‌లో కనీసం ముప్పై పొరపాట్లు బాగుచేసినట్టు రాసి లేకుండా ముప్పై వేలు కట్టకండి. ఇంట్లో బర్రె ఉంటే ఉండనివ్వండి.

నా 2950లు పాతబడినా ఇంకా పనిచేస్తున్నాయి, క్రాస్ కేబుల్ కొట్టడం నేర్చుకోవడానికి వాటికి మించినవి లేవు. వాటితోపాటు ఒక 2960, నీలంరంగు కేబుల్, క్రింపింగ్ టూల్ వార్షికోత్సవం రోజున తెస్తాను. కంప్యూటర్ సంగతి మా బ్యాచ్‌వాళ్లతో మాట్లాడాను, ముగ్గురు ఒప్పుకున్నారు. మీరు చేయాల్సింది, డైనింగ్ హాలు పక్కన సామాన్ల గదిలో కాలు విరిగిన ఆ పాత బల్లకు మేకులు కొట్టించి, కిటికీ దగ్గర ప్లగ్గుకు ఎర్త్ వేయించి ఉంచడం. నోట్‌బుక్ కూడా నేనే తెస్తాను. మొదటి పేజీలో ఇంటి ఓనర్ ఇంటర్నెట్ కథ నేను రాసే పెట్టాను.